మాకు ఇచ్చిన పాలపొడి, సెనెగల్‌కు అమ్ముతున్న పాలపొడి: యూరోపియన్ కమిషన్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన యూరోపియన్ కమిషన్ అధ్యక్షులకు, అంతర్జాతీయ భాగస్వామ్యాలు, వ్యవసాయం, వాణిజ్యం చూసే కమిషనర్లకు,

నమస్కారం.

నాది గుంటూరు జిల్లాలో తెనాలి దగ్గర ఒక పల్లె. ఇరవై ఆరేళ్లు మా ఊరి పాల కేంద్రంలో కార్యదర్శిగా పనిచేశాను. నాకు తెలిసింది పాల సంగతి ఒక్కటే, అదీ తెలుగులోనే తెలుసు. మా ఊళ్లవాళ్లు కూడా చదవాలని తెలుగులోనే రాస్తున్నాను. మీ దగ్గర 24 అధికార భాషల మధ్య రోజూ అనువాదం జరుగుతూనే ఉంటుంది కాబట్టి ఇది చదివించుకోవడం మీకు పెద్ద పని కాదనుకుంటాను.

పోయిన సంక్రాంతికి మా మేనల్లుడు సెనెగల్ నుంచి వచ్చాడు. రాజధాని డాకర్‌లో ఉద్యోగం. వాడి సంచిలో చిన్న చిన్న పాలపొడి ప్యాకెట్లు నాలుగైదు కనిపించాయి. "అక్కడ వీధి చివరి కొట్లో కూడా ఇవే మావయ్యా, పాలంటే అందరికీ ఇదే" అన్నాడు. ప్యాకెట్ మీద పచ్చిక బయలు, దాంట్లో ఆవు బొమ్మ. పాలపొడి కదా అని వేడినీళ్లలో కలిపి, మా ఇంటి అలవాటు ప్రకారం కాసేపు పొయ్యి మీద ఉంచి దించాను. చల్లారినా పైన మీగడ జాడ లేదు. పాలతో బతికిన మనిషిని కదా, అనుమానం వచ్చింది. ప్యాకెట్ వెనక సన్నటి అక్షరాల్లో ఉన్నది చదివి చెప్పమన్నాను. వెన్న తీసేసిన పాలపొడి, పామాయిలు. పొడి యూరప్‌ది, ప్యాకింగ్ డాకర్‌లో.

అంటే పాలల్లోంచి వెన్న తీసి వేరే అమ్ముకుని, దాని చోట పామాయిలు కలిపి పంపుతున్నారన్న మాట. ఇది కల్తీ అని నేను అనను. ప్యాకెట్ మీద రాసే అమ్ముతున్నారు, చట్టం ఒప్పుకుంటుంది. అసలు పాలపొడి కంటే బాగా చౌక కూడా. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే, మీ పాలపొడి మాకు కొత్త కాదు. మా ఊరి పాల కేంద్రం పుట్టడానికి దారి వేసింది కూడా మీ పొడే.

1960ల చివర్లో మీ దగ్గర పాలపొడి, వెన్న గోదాములు పట్టనంత పేరుకుపోయాయి. అప్పుడు మీ పేరు యూరోపియన్ ఆర్థిక సమాజం. ఆ సరుకు ఏదో ఒక రోజు సాయం పేరుతో మా దేశం మీద పడుతుందని, పడితే మా పాడి లేవకుండా పోతుందని గుజరాత్‌లోని ఆనంద్‌లో అమూల్ పాల సహకార సంఘాన్ని నడిపిన వర్గీస్ కురియన్ ముందే భయపడ్డారు. ఆ భయంలోంచే ఆలోచన పుట్టింది. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ అదే, మేం క్షీర విప్లవం అంటాం. ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా మొదటి దశలో మీరు 1,26,000 టన్నుల వెన్న తీసిన పాలపొడి, 42,000 టన్నుల బటర్ ఆయిల్ (నీరు తీసేసిన వెన్న కొవ్వు) ఉచితంగా ఇవ్వడానికి ఒప్పుకున్నారు. బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు డెయిరీలు వాటిని నీళ్లతో కలిపి పాలుగా మార్చి అమ్మాయి.

ఇక్కడే అసలు కీలకం ఉంది. ఆ పొడి ఊళ్లలో పంచిపెట్టలేదు, బజార్లో అయినకాడికి అమ్మలేదు. మా రైతు పాల ధర పడిపోయేంత చౌకగా అది డెయిరీలకు వెళ్లకూడదన్నది మొదటి మాట. వచ్చిన ప్రతి బస్తా ఒకే గుమ్మం గుండా రావాలన్నది రెండో మాట. ఆ గుమ్మం పేరు ఇండియన్ డెయిరీ కార్పొరేషన్, 1970లో బరోడాలో పెట్టారు. అమ్మగా వచ్చిన డబ్బు, మొదటి దశలో సుమారు 116 కోట్ల రూపాయలు, బస్తా బస్తాకీ లెక్క రాసి పాల సొసైటీలకు, చిల్లింగ్ సెంటర్లకు, ట్యాంకర్లకు, దాణా ఫ్యాక్టరీలకు, పశువైద్యానికి పెట్టారు. మీ పొడి నగరాల్లో పాలైంది, ఆ డబ్బు పల్లెల్లో డెయిరీ అయింది. మా పాలు పెరుగుతున్న కొద్దీ మీ పొడి అవసరం తగ్గింది. మొదటి నుంచీ అనుకున్నదే అది.

మొదటి దశలో నాలుగు మహానగరాలకు 18 పాల సేకరణ ప్రాంతాలు. రెండో దశలో అవి 136 అయ్యాయి. 1985 ఆఖరుకు 43,000 గ్రామ సొసైటీలు, నలభై రెండు లక్షల మందికి పైగా పాడి రైతులు. వాటిల్లో మా ఊరు ఒకటి.

1984లో మా ఊళ్లో కేంద్రం తెరిచేనాటికి నాకు పంతొమ్మిదేళ్లు. అంతకు ముందు తెనాలి నుంచి సైకిల్ మీద పాలవాడు వచ్చేవాడు. ఉగాదికో, గేదె కొనేటప్పుడో అప్పు ఇచ్చేవాడు, ఆ అప్పు తీరేదాకా ఎంతంటే అంతకే పాలు పోయాలి. మా అమ్మకు రెండు గేదెలు. నీళ్లు కలిపావని అతనంటే, కలపలేదని అమ్మ అనేది. తేల్చేవాడు లేడు.

కేంద్రం వచ్చాక తేలింది. తెల్లవారుజామున ఐదున్నరకు అమ్మ స్టీలు క్యానుతో వరసలో నిలబడేది. మొదట నేను సహాయకుడిని. బ్యుటిరోమీటర్ అనే గాజు గొట్టంలో పది మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ యాసిడ్ పోయాలి, దాని మీద పది ముప్పావు మిల్లీలీటర్ల పాలు, ఆపైన ఒక్క మిల్లీలీటర్ అమైల్ ఆల్కహాల్. బిరడా బిగించి ఊపితే గొట్టం చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, గుడ్డలో చుట్టి పట్టుకోవాలి. నా చొక్కాలన్నిటికీ యాసిడ్ పడిన చిల్లులే. తర్వాత చేతి మిషన్లో పెట్టి గిరగిరా తిప్పితే పసుపు రంగు వెన్న పైకి తేలుతుంది. ఆ పసుపు ఎన్ని గీతలు ఉంటే అంత ఫ్యాట్. అమ్మకు చదువు రాదు. గొట్టం వెలుతురుకు పట్టి, బొటనవేలి గోరుతో ఒక్కొక్క గీతా లెక్కపెట్టుకునేది. ఏడు మీద నాలుగు గీతలు. ఏడు పాయింట్ నాలుగు. పదిహేను రోజులకోసారి ఆ గీతల లెక్క ప్రకారం బిల్లు అమ్మ చేతికే వచ్చేది. అప్పటిదాకా మా ఇంట్లో డబ్బంటే పంట అమ్మినప్పుడు నాన్న చేతిలో కనిపించేదే.

అంతా బాగా జరిగిందని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆపరేషన్ ఫ్లడ్ మీద మా దేశంలోనే గట్టి విమర్శలు వచ్చాయి. సాయంగా వచ్చిన సరుకు మీద మరీ ఆధారపడుతున్నామన్నారు, భూమి లేనివాళ్లకు అందలేదన్నారు. ప్రభుత్వం వేసిన ఎల్.కె. ఝా కమిటీ 1984లో దీన్ని పరిశీలించింది. చెర్నోబిల్ ప్రమాదం తర్వాత మీరు సాయంగా ఇచ్చిన ఐర్లాండ్ వెన్న మీద అనుమానాలు వచ్చి, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. కోర్టు నిపుణుల కమిటీ వేసి, ప్రమాదం లేదని 1988లో తేల్చింది. మా జిల్లాల్లో సహకార డెయిరీల పెత్తనం తర్వాత ఎవరెవరి చేతుల్లోకి పోయిందో మా వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఇవన్నీ ఉన్నా, 1968-69లో 2 కోట్ల 12 లక్షల టన్నులు ఉన్న మా దేశం పాల దిగుబడి 2023-24కి దాదాపు 24 కోట్ల టన్నులైంది. ఇది మీ పొడి వల్లే జరగలేదు. గడ్డి కోసి, పేడ ఎత్తి, అర్ధరాత్రి గేదె ఈనుతుంటే దీపం పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ల వల్ల జరిగింది. కానీ ఆ మొదటి రోజుల్లో మీ పొడి వాళ్లకు అడ్డుపడలేదు, అండగా నిలబడింది. ఆ మర్యాద మీకు దక్కాలి, మనస్ఫూర్తిగా ఇస్తున్నాను.

ఇక సెనెగల్ సంగతి.

ఆ దేశం పశువులు లేని దేశం కాదు. ఉత్తరాన ఫెర్లో అనే మెట్ట ప్రాంతంలో ఫులానీలు తరతరాలుగా పశువుల మీదే బతుకుతున్నారు. ఆడవాళ్లు సొరకాయ బుర్రల్లో పాలు, పెరుగు తెచ్చి అమ్ముతారు. మా అమ్మమ్మ కాలంలో మజ్జిగ ముంతలతో ఊరూరా తిరిగినవాళ్లు నాకు గుర్తొచ్చారు. అయినా డాకర్‌లో అమ్ముడయ్యే పాలల్లో ఎక్కువ భాగం దిగుమతి పొడే. పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్‌లో 2015 నుంచి ఉమ్మడి దిగుమతి సుంకం అమల్లో ఉంది. పెద్ద బస్తాల్లో వచ్చే పాలపొడికి అది 5 శాతం మాత్రమే.

5 శాతం అంటే ఏమిటో మాకు అనుభవమే, ఎందుకంటే ఒకప్పుడు మాకు అది సున్నా. ప్రపంచ వాణిజ్య ఒప్పందంలో వెన్న తీసిన పాలపొడి మీద సుంకం వేయబోమని మా దేశం మాట ఇచ్చేసింది. 1999-2000 నాటికి యూరప్ నుంచి రాయితీ పొడి దిగడం మొదలైంది. ఆ చలికాలం మేం పాలు పోసే డెయిరీ వారానికి ఒక పూట పాలు తీసుకోనంది. అన్ని గేదెలూ పాలిచ్చే రోజులు అవి. ఆ పూట ఇంటింటికీ వెళ్లి "ఈ సాయంత్రం తేవద్దమ్మా" అని చెప్పాల్సింది నేనే. దానికి దిగుమతి ఒక్కటే కారణం అని నేను అనను, కానీ అదీ ఒక కారణమని మా అందరికీ తెలుసు. తర్వాత ప్రభుత్వం మళ్లీ చర్చలు జరిపి, 10,000 టన్నుల దాకా 15 శాతం, ఆపైన 60 శాతం దాకా వేసుకునే హక్కు తెచ్చుకుంది. మా దేశానికి ఆ బలం ఉంది. పెద్ద మార్కెట్, మాట్లాడగలిగిన డెయిరీ బోర్డు, ఓట్లు ఉన్న రైతులు. సెనెగల్ జనాభా రెండు కోట్ల లోపు. వాళ్ల తరఫున మాట్లాడే కూటమి కూడా ఇప్పుడు బీటలు వారింది. మాలి, బుర్కినా ఫాసో, నైజర్ 2025 జనవరిలో ఎకోవాస్ నుంచి బయటికి వచ్చేశాయి.

అక్కడ కూడా ప్రయత్నించేవాళ్లు ఉన్నారు. పశువైద్యుడు బాగోరే బాతిలీ 2006లో సెనెగల్ నది ఒడ్డున రిషార్ టోల్ దగ్గర డెయిరీ పెట్టి, చుట్టుపక్కల పశుపోషకుల దగ్గర పాలు సేకరించడం మొదలుపెట్టారు. అక్కడి ఆవు రోజుకు ఒకటో రెండో లీటర్లు ఇస్తుంది. ఎండాకాలం గడ్డి ఉండదు, పశువులు వందల కిలోమీటర్లు దక్షిణానికి పోతాయి. ఇసుక బాటల మీద పోగుచేసిన పాలు ఆ ఎండల్లో విరగకుండా తేవాలి. ఇంత కష్టపడి తెచ్చిన పాలు బజార్లో పోటీ పడాల్సింది ఎవరితో? పామాయిలు కలిపిన పొడితో. ఆ డెయిరీకి కూడా పొడి వాడక తప్పలేదు.

మీ అంతర్జాతీయ భాగస్వామ్యాల విభాగం సహారా ఎడారికి దిగువన ఉన్న సహెల్ ప్రాంతంలో పశుపోషకుల కోసం డబ్బు ఖర్చు పెడుతోంది. మంచిదే. మీ వ్యవసాయ విధానం ఇంకో పక్క 2021-27కి 387 బిలియన్ యూరోలతో మీ రైతును ఆదుకుంటోంది. ఎగుమతి రాయితీలు మీరు ఆపేసిన మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ 2015లో మీరు పాల కోటాలు, అంటే ఇంతకు మించి పాలు తీయకూడదన్న పరిమితులు, ఎత్తేశాక మిగులు పాలకు బయట మార్కెట్లు కావాల్సి వచ్చింది. 2017 నాటికి మీ ప్రభుత్వ గోదాముల్లోనే మూడున్నర లక్షల టన్నులకు పైగా పాలపొడి పేరుకుంది. మొక్కకు నీళ్లు పోసే విభాగానికీ, పక్కనే గొర్రెలను వదిలే విభాగానికీ మీ దగ్గర మాటలు ఉన్నాయో లేవో నాకు అర్థం కాలేదు.

ఉండాలని మీ చట్టమే చెబుతోంది. యూరోపియన్ యూనియన్ పనితీరు ఒప్పందంలో 208వ అధికరణం ఉంది. పేద దేశాల మీద ప్రభావం పడే ఏ విధానం చేపట్టినా అభివృద్ధి సహకార లక్ష్యాలను దృష్టిలో పెట్టుకోవాలని అందులో ఉంది. ఏ విధానమైనా అంటే వ్యవసాయం, వాణిజ్యం కూడా అందులోకి వస్తాయి. మా మేనల్లుడు చదివి వినిపించినప్పుడు రెండుసార్లు మళ్లీ చదవమన్నాను. ఇంత స్పష్టంగా రాసుకున్న మాట పాలపొడి దగ్గరికి వచ్చేసరికి ఏమైంది?

ఇంకో సంగతి మరీ బాధ పెట్టింది. 2017లో మీ న్యాయస్థానం సోయాతో చేసిన వాటిని పాలు, వెన్న, చీజ్ అనే పేర్లతో అమ్మకూడదని తీర్పు ఇచ్చింది. పశువు నుంచి పిండిన పాలకే ఆ పేరు అని. పాడి మనిషిగా నాకు సంతోషమే. మరి ఆ గౌరవం మీ సరిహద్దు దాటాక ఎందుకు ఉండదు? పామాయిలు కలిపిన పొడి ప్యాకెట్ మీద పచ్చికలో ఆవు బొమ్మ చూసి డాకర్‌లో ఒక తల్లి పాలనుకునే కొంటుంది.

నాకు వచ్చే జవాబు తెలుసు. పొడి చౌక, నగరంలో పేదవాడికి అందుతోంది, దాన్ని ఖరీదు చేస్తే ఆ పిల్లల నోటి దగ్గరిది లాక్కున్నట్టు కాదా అంటారు. ఇది తీసిపారేసే మాట కాదు. డాకర్ అవసరానికి ఇవాళ స్థానిక పాలు సరిపోవు, పొడి ఆపేయండి అని నేను అడగడమే లేదు. 1970లో బొంబాయి, మద్రాసు పరిస్థితీ అదే. కానీ అప్పుడు పొడి మీద వచ్చిన ప్రతి రూపాయీ పాల సొసైటీల్లోకి వెళ్లింది. ఇవాళ డాకర్ కొట్లో ఆ ప్యాకెట్ మీద వచ్చే లాభంలో ఫెర్లోకు చేరేది ఎంత?

మీ రైతు కూడా దీంట్లో బాగుపడటం లేదు. 2009 సెప్టెంబరులో ధర గిట్టక బెల్జియం రైతులు దాదాపు 30 లక్షల లీటర్ల పాలు పొలాల్లో పారబోశారు. ఆ ఫొటోలు పేపర్లో చూసి మా కేంద్రం దగ్గర ఎవరూ మాట్లాడలేదు, పాలు ఒలకబోయడం మాకు చూడలేని విషయం. ఆ తర్వాత యూరప్ పాడి రైతుల సంఘమే బుర్కినా ఫాసో పాడి రైతులతో కలిసి, అక్కడి పాలు అక్కడి పేరుతో అమ్ముకోవడానికి 'ఫేర్ ఫాసో' అనే బ్రాండుకు చేయూత ఇచ్చింది. రైతుకు రైతు బాధ తెలిసింది. మీకు తెలియాలని అడుగుతున్నాను.

సెనెగల్, దాని పొరుగు దేశాలు పామాయిలు కలిపిన పొడి మీద సుంకం పెంచుకుంటామంటే మీరు అడ్డం పడకండి. ఎగుమతి చేసే ప్రతి బస్తా మీద ఎంతో కొంత మొత్తం తీసి, అక్కడి పాల సేకరణకు, ఎండాకాలం మేతకు, సోలార్ చిల్లింగ్ ట్యాంకులకు వెళ్లేలా ఒప్పందం చేసుకోండి. ఆ డబ్బు మీ సలహాదారుల చేతుల్లో కాకుండా అక్కడి పశుపోషకుల సంఘాల చేతుల్లో ఉండాలి. అక్కడ ప్యాకింగ్ చేసే మీ కంపెనీలు ఏటా ఇంత శాతం స్థానిక పాలు కొనాలని, ఆ శాతం ఏటేటా పెరగాలని నియమం పెట్టండి. ప్యాకెట్ ముందు వైపు, ఆవు బొమ్మ ఉన్నంత పెద్దగా, పామాయిలు అని రాయించండి. ఇవేవీ నేను కొత్తగా కనిపెట్టినవి కావు. చాలావరకు మీరు మాతో 1970లో ఒప్పుకున్నవే.

208వ అధికరణం ప్రకారం పశ్చిమ ఆఫ్రికాకు పోతున్న పాలపొడి మీద మీరు ఏం పరిశీలన చేశారో, ఏం నిర్ణయించారో రాతపూర్వకంగా తెలియజేయమని కోరుతున్నాను. ఫ్రెంచిలో ఇచ్చినా ఫర్వాలేదు, మా మేనల్లుడు చదివి చెబుతాడు. వచ్చిన జవాబును మా పాల కేంద్రం గోడ మీద, ఆ పూట ఫ్యాట్ రేట్లు రాసే బోర్డు పక్కన అంటిస్తాను. పొద్దున ఐదున్నరకు పాలు పోయడానికి వచ్చేవాళ్లు ఇప్పుడు నలభై మందే, కానీ అందరూ చదువుతారు.

ఇట్లు,
ఒక పాల కేంద్రం మాజీ కార్యదర్శి,
గుంటూరు జిల్లా, ఆంధ్రప్రదేశ్